సూదికి బిల్లు ఎలా పెట్టాలి?

చిత్తకార్తె ఏటా అక్టోబరులో ఠంచనుగా వస్తుంది. కుక్కలకు పంచాంగం చూసే అలవాటు లేకపోయినా ఆ రోజుల్లో ఏ వీధి మలుపు తిరిగినా వాటి పెళ్ళిళ్ళే. ఆ తర్వాత రెండు నెలలు, పైన ఓ మూడు రోజులు. సంక్రాంతి ముగ్గులు పడే వేళకు అపార్ట్‌మెంట్ సెల్లార్లలో, ఆగిన ఆటోల కింద, సగం కట్టి వదిలేసిన కల్వర్టుల్లో కళ్ళు తెరవని కూనలు కుయ్యి కుయ్యిమంటుంటాయి. కార్తె సంగతి రైతుకు తెలుసు, కుక్కకు తెలుసు, ఆ కార్తె పేరు పెట్టి ఒకరినొకరు తిట్టుకునే మనందరికీ తెలుసు. తెలియనిది ఒక్క మున్సిపాలిటీకే. అది నిద్ర లేచేది ఉగాది దాటాక, జిల్లా పేజీలో "వీధికుక్కల స్వైరవిహారం" అని పడిన రోజున. అప్పుడు ప్రతిపాదన, ఆ పైన అంచనా, ఆ పైన టెండరు, ఒక్కడే వేశాడని మళ్ళీ టెండరు. వలలు, వ్యాను, డాక్టరు కుదిరేసరికి మళ్ళీ చిత్త.

ఇంత ఒద్దికగా, కార్తె తప్పకుండా సాగుతున్న వ్యవహారాన్ని చెడగొట్టడానికి కొందరు కంకణం కట్టుకున్నారు. కుక్కకైనా పిల్లికైనా కత్తి పెట్టకుండా, కుట్టు వేయకుండా, ఒకే ఒక్క ఇంజెక్షన్‌తో జన్మలో పిల్లలు పుట్టకుండా చేసే మందు కనిపెట్టాలట. దానికి పరిశోధన జరగాలట. పరిశోధనకు డబ్బు కావాలట! ఇంటి పన్ను గడువులోగా కట్టే పౌరుడిగా నా మనవి ఒక్కటే: ఇవ్వకండి. చిల్లిగవ్వ కూడా ఇవ్వకండి. ఆ మందు గనక వచ్చిందంటే ఈ దేశంలో ఎన్ని పొయ్యిలు ఆరిపోతాయో మీకు తెలియదు.

ఇప్పుడున్న పద్ధతి ఏమిటో ఒకసారి చూడండి. 2001లో ఒకసారి, మళ్ళీ 2023 మార్చిలో కొత్తగా వచ్చిన జంతు జనన నియంత్రణ (ఏబీసీ) నిబంధనల ప్రకారం వీధికుక్కను చంపకూడదు, ఊరి బయట పారేయకూడదు. వల వేసి పట్టాలి, ఎక్కడ పట్టామో రాసుకోవాలి, మత్తిచ్చి ఆపరేషన్ చేయాలి, రేబిస్ టీకా వేయాలి, గుర్తుగా చెవి కత్తిరించాలి, కనీసం నాలుగు రోజులు ఉంచుకుని చూడాలి, మళ్ళీ పట్టిన చోటే వదలాలి. నిబంధనలు మంచివే. వాటికి ముందు మనం చేసిన పని చంపడం. మద్రాసు కార్పొరేషన్ పంతొమ్మిదో శతాబ్దంలో మొదలుపెట్టి 1996 దాకా చంపుతూనే వచ్చింది. విశాఖలోనూ 1990ల దాకా కరెంటు పెట్టి చంపారు. అంతకాలం చంపాక మద్రాసులో మిగిలిందేమిటయ్యా అంటే, కుక్కలు. మనిషి తెలివితేటల మీద కుక్క సాధించిన ఆ విజయానికి మెరీనా బీచ్‌లో ఒక విగ్రహమైనా పెట్టలేదు, అదీ అన్యాయమే.

కాబట్టి కోత. కోతకో రేటుంది. పట్టి తెచ్చి మళ్ళీ దింపడానికి 200, ఆపరేషన్‌కూ మందులకూ నాలుగు రోజుల తిండికీ 1450, వెరసి కుక్క ఒక్కింటికి 1650 రూపాయలని భారత జంతు సంక్షేమ మండలి కొన్నేళ్ళ కిందట లెక్కగట్టింది. 2019 పశుగణనలో తేలిన వీధికుక్కలు దేశం మొత్తమ్మీద కోటీ యాభై మూడు లక్షలు. గుణించుకోండి. రెండు వేల అయిదు వందల కోట్ల పైచిలుకు. అదీ కుక్కలన్నీ ఒకే రోజు వరుసలో నిలబడి, మనం కోసేదాకా ఒక్కటి కూడా కొత్తగా కనకుండా ఓపిక పడితే. అవి ఆగవు. ఒక డాక్టరు రోజంతా వంచిన నడుం ఎత్తకుండా పని చేస్తే ఇరవయ్యో ముప్పయ్యో అవుతాయి. అవతల చిత్తకార్తె పుణ్యమా అని ఒక్క తల్లి అయిదారింటిని పెడుతుంది. కు.ని. శిబిరాల దేశం మనది. ఎమర్జెన్సీలో, ఒక్క 1976లోనే అరవై లక్షల మందికి పైగా మనుషుల్నే టార్గెట్ పెట్టి కోసేశాం. ఆ టార్గెట్ జబ్బు ఇప్పటికీ పోలేదనడానికి దూరం పోనక్కర్లేదు. 2022 ఆగస్టులో ఇబ్రహీంపట్నంలో ఒక్క పూటలో 34 మంది ఆడవాళ్ళకు ఆపరేషన్లు చేస్తే నలుగురు తల్లులు ఇంటికి తిరిగి రాలేదు. మనుషుల శిబిరమే అలా ఉంటే కుక్కల షెడ్డు ఎలా ఉంటుందో అడక్కండి. అడిగితే లోపలికి రానివ్వరు కూడా.

వచ్చినా మీరు నిలబడలేని గది ఒకటుంటుంది అక్కడ. థియేటర్ వెనక, గిన్నెలు కడిగే కుళాయి పక్కన. మూత తీయగానే కళ్ళు మండిపోయే ఫార్మలిన్ వాసన. తెల్ల ప్లాస్టిక్ డ్రమ్ముల్లో, గాజు సీసాల్లో ఆడకుక్కల గర్భసంచులు, మగకుక్కల బీజాలు. నెలాఖరున కమిటీ వస్తుంది. చేతికి గ్లౌజు, ముక్కుకు కర్చీఫు, చంకలో రిజిస్టరు. పటకారుతో ఒక్కొక్కటే పైకి తీసి పక్క బకెట్లో వేస్తూ లెక్కపెడతారు. సంచులైతే ఒకటికి ఒక కుక్క. బీజాలైతే రెండుతో భాగించాలి. సరిసంఖ్య రాకపోతే అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు.

"నాలుగు వందల పదమూడు వచ్చాయి సార్."

"పదమూడేంటయ్యా? ఇంకోటి ఎక్కడ?"

"ఒక కుక్కకి ఒకటే దిగిందండి. రెండోది పొట్టలోనే ఉండిపోయుంటది."

"అయితే బిల్లులో సగం కుక్క రాయనా?"

నేనేదో వేళాకోళమాడుతున్నాననుకోకండి. మాటలు నావి, లెక్క మాత్రం నాది కాదు. తీసిన అవయవాలను భద్రపరిచి, కమిటీ లెక్కపెట్టి సరిపోయిందన్నాకే డబ్బు చెల్లించాలన్నది అధికారిక పద్ధతి. ఎందుకు పెట్టారంటే, మన సంగతి మనకు తెలుసు కాబట్టి. కాగితం మీద వెయ్యి కుక్కల్ని కోసి, వీధిలో వందను కూడా ముట్టుకోని మహానుభావులుంటారనే. ఆ ఏర్పాటును నేను తప్పు పట్టను. ఈ దేశంలో ప్రభుత్వ సొమ్ముకు ఇంత కచ్చితమైన రుజువు ఇంకెక్కడుంది చెప్పండి! రోడ్డు వేశామంటారు, రోడ్డు కనపడదు. పూడిక తీశామంటారు, వానొస్తే తెలుస్తుంది. కుక్కల పద్దు ఒక్కటే చూపించమన్న వెంటనే సీసా ఎత్తి చూపించగలదు.

ఇప్పుడా ఇంజెక్షన్‌గాళ్ళు వచ్చి, సీసాలో వేయడానికి ఏమీ మిగలదంటున్నారు. మందు లోపలికి పోతుంది, అవయవం లోపలే ఉంటుంది, కుక్క అరగంటలో లేచి తోకాడించుకుంటూ పోతుంది. బిల్లు దేనికి పాస్ చేయాలి? తోకకా?

ఈ పైత్యానికి మూలం ఎక్కడుందా అని వెతికితే అమెరికాలో తేలింది. లాస్ ఏంజిలెస్‌లో గ్యారీ మైకెల్సన్ అని వెన్నెముక డాక్టరున్నాడు. వెన్నుపూసల ఆపరేషన్లలో వాడే పరికరాలు కనిపెట్టి వాటి పేటెంట్లన్నీ 2005లో మెడ్‌ట్రానిక్ కంపెనీకి 135 కోట్ల డాలర్లకు అమ్మాడు. అంత డబ్బు చేతికొస్తే మన దగ్గర ఏం చేస్తారు? మెడికల్ కాలేజీ పెడతారు, లేదంటే ఎన్నికల్లో నిలబడతారు. ఆయన 2008లో ఒక బహుమతి ప్రకటించాడు. ఒకే డోసుతో, శాశ్వతంగా, ఆడ మగ తేడా లేకుండా, కుక్కకూ పిల్లికీ పనిచేసే మందు ఎవరు తెచ్చినా రెండున్నర కోట్ల డాలర్లు. అంటే మన లెక్కలో రెండు వందల కోట్ల పైమాటే. ఆ దారిలో పరిశోధన చేసేవాళ్ళ ఖర్చులకు ఇంకో అయిదు కోట్ల డాలర్లు విడిగా. పదిహేనేళ్ళు దాటిపోయినా ఆ బహుమతి అందుకున్నవాడు లేడు.

లేడని మనవాళ్ళు సంబరపడొచ్చు, చూశారా అది అయ్యే పని కాదు అని. కానీ ఎందుకు అందలేదో చూస్తే సంబరం తగ్గుతుంది. మగకుక్క విషయంలో పని సగానికి పైగా ఎప్పుడో అయిపోయింది. జింకు గ్లూకోనేట్ మందును బీజాల్లోకి నేరుగా ఎక్కిస్తే వీర్యకణాలు తయారవడం ఆగిపోతుంది. న్యూటర్‌సోల్ పేరుతో దానికి 2003లోనే అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. తర్వాత జ్యూటెరిన్ అని పేరు మార్చుకుని మళ్ళీ వచ్చింది. రెండుసార్లూ బజారులో నిలవలేదు. అక్కడ పెంపుడు కుక్కను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి ఆపరేషన్ చేయించడం మామూలే, ఇక ఇంజెక్షన్ ఎవరు కొంటారు? అది కావలసింది కుక్కకు యజమాని లేని దేశాలకు. యజమాని లేని కుక్కకు జేబు లేదు.

ఇంకా తమాషా అయినది మన సొంత కథ. పశ్చిమ బెంగాల్‌లో కులదీప్ జానా, ప్రభాత్ కుమార్ సమంత అనే శాస్త్రవేత్తలు కాల్షియం క్లోరైడ్‌తో అదే పని చేయవచ్చని వీధి మగకుక్కల మీద చేసి చూపించారు. 2007లో అంతర్జాతీయ పత్రికలో అచ్చయింది. కాల్షియం క్లోరైడ్ అంటే ఏ కెమికల్స్ కొట్లో అడిగినా కిలోల్లెక్కన తూచి ఇచ్చే ఉప్పు. తర్వాత ఇటలీలో ఒకావిడ దాన్ని నీళ్ళలో బదులు ఆల్కహాల్‌లో కలిపితే ఇంకా బాగా పనిచేస్తోందని తేల్చింది. ఇంతకంటే ఏం కావాలి! మందు దొరికింది, అదీ మనవాళ్ళకే దొరికింది, అదీ కారుచౌకగా.

అదే దాని ప్రాణం తీసింది. చౌక సరుకుకు పేటెంటు రాదు. పేటెంటు లేనిదానికి కంపెనీ రాదు. కంపెనీ రాకపోతే, ఎంత డోసు ఇవ్వాలి, చుక్క బయటికి కారితే పుండు పడకుండా ఏం చేయాలి, వెయ్యి కుక్కల్లో ఎన్నింటికి వికటిస్తుంది అని తేల్చే పెద్ద ప్రయోగాలకు ఖర్చు పెట్టేవాడు ఉండడు. ఆ ప్రయోగాలు లేకపోతే డ్రగ్ కంట్రోలర్ దగ్గర కాగితం కదలదు. అలాంటి చోట చేయి వేయడానికే ప్రభుత్వం అనేది ఒకటి ఉంటుందని పుస్తకాల్లో రాస్తారు. మన ప్రభుత్వాలు అంత మొరటుగా జోక్యం చేసుకోవు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని పెద్దలు చెప్పింది మన్నించి, అమెరికా వాడు బహుమతి ఇచ్చేదాకా ఆగుదామని కూర్చున్నాయి.

ఇక్కడ ఒక మాట మాత్రం నిజాయితీగా చెప్పుకోవాలి. మగకుక్కల సూది ఒక్కటే వచ్చినంత మాత్రాన వీధి మారదు. వాడలో పది మగకుక్కల్లో తొమ్మిదింటికి ఇంజెక్షన్ పొడిచినా మిగిలిన ఒక్కటి చాలు, అన్ని సంబంధాలూ తనే కలుపుకుంటుంది. లెక్క తేలాల్సింది ఆడకుక్క దగ్గర. అక్కడ సైన్సుకే చెమట పడుతోంది. ఢిల్లీలోని జాతీయ ఇమ్యునాలజీ సంస్థ శాస్త్రవేత్తలు అండం చుట్టూ ఉండే పొర మీదికి ఒంట్లోని రోగనిరోధక శక్తినే ఉసిగొల్పే టీకా కోసం 2000ల ఆరంభం నుంచే కుక్కల మీద పనిచేశారు. ఇలాంటి టీకాలతో చిక్కేమిటంటే ఒక కుక్కకు పనిచేసినట్టు ఇంకోదానికి చేయదు, కొంతకాలానికి పట్టు సడలుతుంది, మళ్ళీ బూస్టరు వేయాలి. వీధికుక్కకు రెండో డోసు తేదీ ఎవరు గుర్తు చేస్తారు? ఆధార్‌కు ఫోన్ నంబరు లింక్ అయి ఉండదు కదా.

2023లో మాత్రం ఒక ముచ్చట జరిగింది. బోస్టన్‌లో డేవిడ్ పెపాన్ అనే ఆయన ఆడవాళ్ళ అండాశయాల గురించి పరిశోధిస్తూ, ఏఎంహెచ్ అనే హార్మోను మోతాదు బాగా పెరిగితే అండాలు ఎదగకుండా ఆగిపోతాయని గమనించాడు. సిన్సినాటి జంతు ప్రదర్శనశాల వాళ్ళతో కలిసి ఆ హార్మోను జన్యువును నిరపాయమైన వైరస్‌లో పెట్టి ఆరు ఆడపిల్లులకు తొడ కండరంలో ఒక్కటంటే ఒక్క ఇంజెక్షన్ ఇచ్చారు. మూడు పిల్లులకు ఇవ్వలేదు. తర్వాత మంచి వయసులో ఉన్న మగపిల్లిని తెచ్చి వదిలి, కెమెరాలు బిగించి కూర్చున్నారు. పెళ్ళిచూపుల్లో అటు పక్కవాళ్ళు కూడా అంత శ్రద్ధగా చూడరు. మందు ఇవ్వని మూడూ పిల్లల్ని పెట్టాయి. ఇచ్చిన ఆరింటిలో ఒక్కటీ పెట్టలేదు. రెండేళ్ళపాటు గమనించినా అంతే. ఖర్చు పెట్టినవాళ్ళలో మైకెల్సన్ సంస్థ ఒకటి.

అలా మోసుకెళ్ళే వైరస్ పేరు మన ఇళ్ళలో తెలియకపోయినా దాని ఖరీదు తెలుసు. ఎస్‌ఎంఏ జబ్బుతో ఉన్న పసిపిల్లల కోసం వాట్సాప్‌లో చందాలు అడుగుతారే, "పదహారు కోట్ల ఇంజెక్షన్" అని, ఆ జోల్‌జెన్‌స్మాలో జన్యువును మోసేదీ అదే ఏఏవీ-9. అంటే పిల్లి మీద సైన్సు గెలిచింది, ఇక మిగిలింది రేటు. దాన్ని పదహారు కోట్ల నుంచి పదహారు రూపాయలకు దించాలి. టీకాల రేటు దించడంలో ప్రపంచానికి పాఠాలు చెప్పిన ఊరు ఏదో మీకు చెప్పాలా? శామీర్‌పేట నుంచి గచ్చిబౌలి దాకా ఫలకాలు చదువుకుంటూ పోతే చాలు. మనం కరిపించుకున్నాక పొడిపించుకునే రేబిస్ టీకా అక్కడే తయారవుతుంది, దేశమంతా పోతుంది. గచ్చిబౌలిలోనే జాతీయ జంతు జీవసాంకేతిక సంస్థ ఉంది. రాజేంద్రనగర్‌లో ఒకటి, తిరుపతిలో ఒకటి పశువైద్య విశ్వవిద్యాలయాలున్నాయి. చదువుంది, చేయి ఉంది, చిత్తకార్తె ఉంది. లేనిదల్లా పిలిచి, ఇదిగో పదేళ్ళకు సరిపడా డబ్బు, కుక్క కనకుండా చేసి చూపించండి అనేవాడు.

మీలో నలభై దాటినవాళ్ళకు బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు గుర్తుండాలి. కుక్క కరిచిందంటే పిల్లాడు జబ్బుకంటే ముందు ఆ పద్నాలుగింటికి భయపడి ఇంట్లో చెప్పేవాడు కాదు. గొర్రె మెదడు నుంచి తీసిన ఆ పాత టీకాను 2005 నాటికి మానేశాం. ఇప్పుడు భుజానికి నాలుగో అయిదో. ఎలా మానగలిగాం? ఎక్కడో ఎవరో డబ్బు పెట్టి, ఇంకెవరో ఏళ్ళ తరబడి ప్రయోగశాలలో కూర్చుని, కణాల్లో వైరస్ పెంచి కొత్త టీకా తయారుచేశారు కాబట్టి. అప్పుడెవరూ "పద్నాలుగు సూదులు మన సంస్కృతి" అని అడ్డం పడలేదు. కరిచాక మనకు వేసే సూది మీద అంత పరిశోధన జరిగింది. కరిచేది పుట్టకుండా దానికి వేసే సూది మాటెత్తితే నవ్వులాట.

అంతెందుకు, పల్లెల్లో కోడెకు కత్తి పెట్టకుండానే పశువుల ఆసుపత్రిలో బర్డిజో పటకారుతో నొక్కించి ఎద్దును చేసేవాళ్ళు. చుక్క నెత్తురు రాదు, కుట్టు ఉండదు. ఎద్దుకు అంత మర్యాద ఎందుకు దక్కింది? మర్నాడు దుక్కి దున్నాలి కనుక. కుక్క ఏం దున్నుతుంది, పొద్దున్నే మన మూడ్ తప్ప!

సరే, పరిశోధన కావాలని ఎవరైనా గొంతెత్తుతారేమోనని అటూ ఇటూ చూశాను. మన దగ్గర కుక్కల సమస్యకు రెండు పార్టీలున్నాయి. మొదటిది ప్రేమ పార్టీ. రాత్రి పదకొండింటికి స్కూటీ మీద చికెన్ అన్నం తెచ్చి పక్కవాళ్ళ గేటు ముందు పెట్టి పోతుంది. తన గేటు ముందు పెట్టదు, అక్కడ టైల్స్ కొత్తవి. కాలు విరిగిన కుక్క ఫొటో పెడితే సాయంత్రానికి లక్ష పోగుచేయగలదు, అది నిజంగా గొప్ప విషయమే. ఆ లక్షలో పదో వంతు, ఇక మీదట కాలు విరగడానికి కుక్కే పుట్టకుండా చేసే మందుకు పంపండమ్మా అంటే, "అంకుల్, యూ ఆర్ సో నెగెటివ్" అంటుంది. రెండోది పగ పార్టీ. "అన్నిటికీ విషం పెట్టి పారేస్తే పీడా పోతుంది" అని కాలనీ గ్రూపులో రాసి, కింద గుడ్ మార్నింగ్ పువ్వు పెడుతుంది. మద్రాసు వాళ్ళు నూరేళ్ళకు పైగా అదే చేశారు సార్ అంటే, వాళ్ళకు చేతకాలేదు అంటుంది. కుక్కకాటుకు చెప్పుదెబ్బ అన్నది పగ పార్టీ మేనిఫెస్టో. కుక్కకాటుకు బిస్కెట్ అన్నది ప్రేమ పార్టీది. కాటు మాత్రం ఇద్దరి హయాంలోనూ ఒకటే. 2024లో దేశంలో 37 లక్షలు. ఆ అంకెలో ఎందరో ఈ రెండు పార్టీల్లోనూ లేనివాళ్ళు, పొద్దున్నే చెత్త ఏరుకునేవాళ్ళు, స్కూలు బస్సు రాని వాడల పిల్లలు. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ళ పసివాడి మీద కుక్కలు పడి చంపిన వీడియో రాష్ట్రమంతా చూసింది. చూసి వారం రోజులు రగిలిపోయింది. ఎనిమిదో రోజు ఐపీఎల్ కబుర్లలో పడింది.

మూడో పార్టీ కోర్టు. 2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఢిల్లీ చుట్టుపక్కల కుక్కలన్నిటినీ ఎత్తి షెల్టర్లలో పెట్టమంది. టీవీలు ఊగిపోయాయి, కొవ్వొత్తులు వెలిగాయి. ఆగస్టు 22న ఇంకో ధర్మాసనం, కోసి టీకా వేసి, పిచ్చివీ మీద పడేవీ తప్ప తక్కినవి ఎక్కడివక్కడ వదలమంది. నవంబరు 7న మళ్ళీ, బడులూ ఆసుపత్రులూ బస్టాండ్లూ రైల్వే స్టేషన్ల నుంచి పట్టినవి తిరిగి అక్కడ వదలొద్దంది. న్యాయమూర్తుల్ని నేనేమీ అనను, వాళ్ళ ముందుకొచ్చిన ప్రశ్నే "ఎక్కడ పెట్టాలి" అన్నది. ఎత్తాలా దించాలా, గేటు లోపలా బయటా, అన్నం ఏ మూల పెట్టాలి? నెలల తరబడి ఈ దేశంలోని అత్యంత ఖరీదైన లాయర్లు కుక్క చిరునామా గురించి వాదించారు. ఆ గంటల ఫీజు ఏ ప్రయోగశాలకైనా ఇచ్చి ఉంటే ఇద్దరు పరిశోధక విద్యార్థులు పీహెచ్‌డీ ముగించుకుని బయటపడేవాళ్ళు.

డబ్బు లేక కాదు సుమండీ. కంపెనీల చట్టంలో సీఎస్‌ఆర్ ఖర్చు ఏయే పనులకు పెట్టొచ్చో జాబితా ఉంది, అందులో జంతు సంక్షేమం అని స్పష్టంగా రాసి ఉంది. మన కంపెనీలు ఆ ఖాతాలో బెంచీలు వేయిస్తాయి. బెంచీ మీద పేరు రాయించుకోవచ్చు. పుట్టని కుక్కపిల్ల మీద లోగో ఎక్కడ వేస్తాం? రిబ్బను ఎక్కడ కడతాం? ఎమ్మెల్యేగారు వచ్చి, "ఇదిగో చూడండి, ఇక్కడ ఏమీ లేదు, ఇది మా ప్రభుత్వ ఘనత" అని ఖాళీ వీధిని చూపించి ఫొటో దిగుతారా? అదే కుక్కల షెడ్డయితే శంకుస్థాపన ఒకసారి, ప్రారంభోత్సవం ఒకసారి, ప్రభుత్వం మారాక రంగు మార్చి పునఃప్రారంభం ఒకసారి.

పోనీ ఆ సూది దేవుడి దయవల్ల వచ్చేసిందనుకుందాం. మన కౌన్సిల్ సమావేశంలో ఏం జరుగుతుందో నాకు కళ్ళకు కట్టినట్టుంది. ఎజెండాలో పద్నాలుగో అంశం. కొత్తగా ఉద్యోగంలో చేరిన పశువైద్యుడు, పాపం కుర్రాడు, చొక్కా టక్ చేసుకుని లేచి నిలబడతాడు.

"మేడమ్, ఇకమీదట కుక్కలకి ఆపరేషన్ అక్కర్లేదండి. ఒక్క ఇంజెక్షన్ చాలు. షెడ్డులో నాలుగు రోజులు ఉంచే పని కూడా లేదు. దీని మీద ఇంకా పెద్ద ప్రయోగం చేయడానికి యూనివర్సిటీ వాళ్ళు మన ఊరిని ఎంచుకున్నారు. మన వాటాగా లక్ష రూపాయలిస్తే..."

ఏడో వార్డు కౌన్సిలర్ మధ్యలోనే అందుకుంటాడు. "అది సరేగానీ డాక్టరుగారూ, సీసాలో ఏం పెడతారు?"

"సీసాలో ఏమీ ఉండదండి. అన్నీ కుక్కలోనే ఉంటాయి."

"కుక్కలోనే ఉంటే మేం లెక్కెట్టేదెలాగండీ? ఈధుల్లో ఎనక్కి తిప్పి చూడమంటారా?"

"చెవికి గుర్తు ఉంటుంది కదండీ."

"చెవి మా బావమరిది కూడా కత్తిరిస్తాడు."

ఆ బావమరిదే ప్రస్తుత కాంట్రాక్టరు కాబట్టి ఎవరూ నవ్వరు. అకౌంటెంటు కళ్ళజోడు సర్దుకుంటాడు. "మేడమ్, పరిశోధన అనే పద్దు మన బడ్జెట్లో లేదండి. కుక్కలు అనే పద్దుంది, అందులో వల, వ్యాను, డీజిలు, ఫార్మలిన్, గ్లౌజులు ఉన్నాయి. లక్ష ఇవ్వాలంటే డీజిల్లో చూపించాలి. సూదికి డీజిల్ అంటే ఆడిట్ వాళ్ళు ఊరుకోరండి."

పదకొండో వార్డు నుంచి ప్రతిపక్షం లేస్తుంది. "ఇది మన ఊరి కుక్కల మీద ప్రయోగం! అమెరికా మందు! మన కుక్కలు గినీ పందులా?" కుర్రాడు ఇది బెంగాల్ మందని చెప్పబోతాడు. బెంగాల్ అనగానే ఇంకో ఇద్దరు లేస్తారు. ఇంజనీరు ఒక్కడే ప్రశాంతంగా ఉంటాడు, ఎందుకంటే ఇంజెక్షన్ వచ్చినా షెడ్డు కట్టక తప్పదని అతనికి తెలుసు. అంచనాలు ఈసరికే వేసేశాడు. ఆలూ లేదు చూలూ లేదు, షెడ్డుకు మాత్రం రెండో అంతస్తు ప్లానుతో సహా తయారు.

ఛైర్‌పర్సన్ గారు గడియారం చూసుకుంటారు. ఇంజెక్షన్ అంశం వచ్చే సమావేశానికి వాయిదా. ఆ బదులు, ప్రస్తుతమున్న సీసాలు చిన్నవై అవయవాల లెక్క తారుమారవుతున్నందున యాభై లీటర్ల డ్రమ్ములు ఇరవై కొనుగోలు చేయుటకు ఏకగ్రీవంగా తీర్మానిస్తారు. మూతలకు విడిగా టెండరు పిలవాలని ఇంజనీరు సూచన.